ఒక్క ఆడదానికి పొయ్యి

మిత్రులారా, నిన్నటి కూర కాగే వాసన తగిలితే మీకేం గుర్తొస్తుంది? నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. "మన ఆడవాళ్ళకు చద్దిదే ఇష్టం" అంటారే, ఆ పచ్చి అబద్ధం గుర్తొస్తుంది.

ఇష్టమట! మగవాళ్ళు ఇంట్లో లేని పూట పొయ్యి రాజేయకూడదని మన ఇళ్ళలో కట్టుబాటు ఉండేదా, లేదా? చెప్పండి.

గిద్దలూరు దగ్గర మా ఊళ్ళో అమ్మవారికి దేవర జరిగిన మరునాడు, మండుటెండ. నాయన కచేరీ పని మీద మార్కాపురం పోయినాడు. ఉట్టి మీది దాకలో మాంసం పులుసు మిగిలింది. అమ్మ చంటిబిడ్డ తల్లి. మూత తీసి వాసన చూసి, పుల్లలు విరిచింది.

"నీ ఒక్కదానికి పొయ్యేందే?" అని అవ్వ కసిరింది. "మేమంతా అట్లే తినలేదా? సచ్చినామా?"

"నీ కూతురు సచ్చిపోలేదా అత్తా? పోయినేడు దేవర కూర ఇట్లే కాచకుండా తినింది. నేనూ పోతే ఈ బిడ్డకు పాలెవురిస్తారు?"

అవ్వ పొయ్యి దగ్గరికి జరిగింది. అమ్మ నిప్పు ఊదింది. పులుసు అంచుల్లో బుడగలు రాగానే దాక దించబోయింది.

"ఆగు," అంది అవ్వ. "అడుగు నుంచి కలుపు. ముక్క లోపల దాకా కుతకుత ఉడకనీ."

ఇంకో పుల్ల పొయ్యిలోకి తోసి, తన గిన్నె కూడా తెచ్చుకుంది.

"నీ మొగుడు అడిగితే, నాకు జెరమొస్తే రాజేసినామని చెప్తాలే."

ఇద్దరూ పొగలో కూర్చుని, వాకిలి వైపు చూస్తూ, నోరు కాలుతున్నా గబగబా తిన్నారు.