ఆగని లూప్

మూడో రోజు క్లాసులో నేనడిగిన ప్రశ్నకు ఇంతవరకూ ఎవరూ జవాబు చెప్పలేదు.

కర్నూలులోని ఆ కంప్యూటర్ శిక్షణ కేంద్రానికి పత్తికొండ నుంచి రోజూ బస్సెక్కి వెళ్ళేవాణ్ణి. టమోటా మార్కెట్లో పద్దెనిమిదేళ్ళు లారీలకు సరుకు ఎక్కించి నడుము పోగొట్టుకున్నాను. సర్టిఫికెట్ తెస్తే మార్కెట్ ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని ఇస్తామన్నారు. తేకపోతే మళ్ళీ బాక్సులు మోయాలి. అది ఇక నావల్ల కాదు.

వేరియబుల్ అంటే పేరు రాసిపెట్టిన బాక్సు లాంటిదనీ, అందులోని విలువ మారుతూ ఉంటుందనీ సారు చెప్పాడు. కండిషన్ అంటే ఔనో కాదో తేలే ప్రశ్న. అది ఔను అయినంతసేపూ ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించేది లూప్. అంతా అర్థమైంది, ఒక్కటి తప్ప. లేచి అడిగాను.

"సార్, ఇంక చాలని దానికి ఎవరు చెప్పాల?"

"అవన్నీ ముందర వస్తాయిలేప్పా, కూర్చో. యాడన్నా టమోటాలు కుళ్ళిపోతాండాయా, అంత తొందర?"

క్లాసంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే. ఆ ముందర అనేది రానేలేదు.

పరీక్షలో లూపే రాయమన్నారు. నాకు తెలిసిన పనే రాశాను. 'ఎక్కినవి' అనే వేరియబుల్‌లో సున్నా పెట్టాను. అది ఐదు వందల కంటే తక్కువ ఉన్నంతసేపూ 'బాక్సు ఎక్కించు' అని తెర మీద చూపించమన్నాను. నడిపించాను. బాక్సు ఎక్కించు, బాక్సు ఎక్కించు. తెర నిండింది, పైకి జరిగింది, ఆగలేదు.

మా మార్కెట్లో కింద మోసేవాళ్ళం లెక్కపెట్టం. లారీ మీద నిలబడ్డ డ్రైవరే లెక్కపెట్టి, లారీ బాడీ మీద చేత్తో కొడితే ఆగుతాం. బాక్సు ఎక్కించమంటే లెక్క దానంతటదే పెరుగుతుందనుకున్నాను.

సారు వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"ఏమప్పా, నీ లారీ ఎప్పటికి నిండుతాది? జిల్లాలో టమోటాలన్నీ దీంట్లోకే ఎక్కిస్తాండావే!"

ఆయన అవతలి వరుసకు వెళ్ళాక, పక్క సీటులో ఉన్న బట్టలు కుట్టే ఆమె తల తిప్పకుండా గొణిగింది.

"అన్నా, ఎక్కినవికి ప్రతిసారీ ఒకటి కలపల్ల. నువ్వు కలపనేలేదు."

ఒక్క లైను! ఇంకా ఐదు నిమిషాల టైముంది. వేళ్ళు కీబోర్డు మీద పెట్టాను.

"ఎవరు మాట్లాడింది?" సారు అరిచాడు.

ఇప్పుడు ఆ లైను రాస్తే ఆమె చెప్పిందని తెలిసిపోతుంది, ఆమెనూ పరీక్షలోంచి లేపేస్తారు. చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను.

"నేనే సార్. నాలో నేను మాట్లాడుకుంటాండా."

ఆ ఐదు నిమిషాలూ తెరను చూస్తూ కూర్చున్నాను. నా పేరు ఎదురుగా ఫెయిల్ అని రాశారు. ఆమె పాసైంది. ఈ సంగతి రాయమని ఆమే చెప్పింది కాబట్టి రాస్తున్నాను.

ఇంటికొచ్చి ఆ లైను కలిపి కాగితం మీద రాశాను. ఒక్కో అడుగూ లెక్కేసుకుంటూ పోతే ఐదు వందల దగ్గర ఆగింది. మళ్ళీ పరీక్ష పెట్టమని, ఆ కాగితం జతచేసి కేంద్రం ఆఫీసులో మూడు అర్జీలు ఇచ్చాను. మొదటిది టేబుల్ మీద టీ గ్లాసు కింద కనపడింది. రెండోది యాడుందో తెలీదన్నారు. మూడోదానికి "చూస్తాంలేప్పా" అన్నారు.

మార్కెట్ ఆఫీసు వాళ్ళు ఈ నెలాఖరు దాకానే ఆగుతారట. ఇది నాలుగో అర్జీ. కేంద్రం నడిపే పెద్దమనిషి మీరు, మిమ్మల్నే అడుగుతున్నాను. నాకు మళ్ళీ పరీక్ష పెడతారా, పెట్టరా? కాగితం మీద రాసి, సంతకం పెట్టి చెప్పండి.