నల్లా దగ్గర మొదలైన నవల

అద్దెకు తెచ్చిన ఆ నవలకు చివరి పదహారు పేజీలు లేవు. అవి ఉండి ఉంటే నేను జీవితంలో ఒక్క కథ కూడా రాసేదాన్ని కాదు.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరుస మొత్తానికి ఒకటే నల్లా. డెబ్బయ్యో దశకం సగానికి వచ్చిన రోజులవి. నేను వరంగల్‌లో టీచర్ ట్రైనింగ్ ముగించుకుని వచ్చి, ఇంటికి దగ్గరలోని బడిలో చేరాను. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. మా నాయిన ఆ బాయి లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులు బాయి, అంతకుమించి ఆయనకు లోకం లేదు. పక్క క్వార్టర్‌లో ఉండే ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. గోదావరి అవతల జైపూర్ దిక్కు పల్లె ఆమెది. చదివింది ఐదో తరగతి. వాళ్లాయన బాయిలో బొగ్గు నింపేవాడు. ఆయనకు బావ వరస కలిపింది కూడా అక్కే.

అక్కకు నవలల పిచ్చి. బస్టాండు దగ్గరి అద్దె పుస్తకాల షాపు నుంచి వారానికి రెండు తెప్పించుకునేది. పెదాలు కదుపుతూ, ఒక్కో పేజీ నెమ్మదిగా చదివేది. చదివినదంతా సాయంత్రం నల్లా దగ్గర చెప్పేది. బిందెలు వరుసలో పెట్టి ఆడవాళ్లంతా ఆమె చుట్టూ చేరేవాళ్లు. నీళ్లు ఎంత సన్నగా వస్తే కథ అంత పొడుగ్గా సాగేది.

ఒక సాయంత్రం నేను బిందెతో వెళ్లేసరికి ఒక నవల ముగింపు చెబుతోంది. కారులో తిరిగే హీరో, బంగళాలో ఉండే హీరోయిన్, మధ్యలో ఒక అపార్థం. ఆ నవల నేను హాస్టల్లో ఉండగా చదివాను. అందులో తప్పంతా హీరోదే అయినా హీరోయిన్ అతని కాళ్ల మీద పడుతుంది. అతను లేవనెత్తుతాడు, కథ అయిపోతుంది. అక్క చెప్పిన కథలో ఆ అమ్మాయి ఎవరి కాళ్ల మీదా పడలేదు. బట్టలు సర్దుకుని వెళ్లి, ఎక్కడో ఒక ఊళ్లో పిల్లలకు పాఠాలు చెప్పే పని చూసుకుంది. హీరో కారు ఇంటి దగ్గరే వదిలేసి, బస్సుల్లో పడి వెతుక్కుంటూ వచ్చి, బడి గేటు ముందు పిల్లలందరూ చూస్తుండగా తప్పు ఒప్పుకున్నాడు. నల్లా దగ్గర ఒకావిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అందరూ వెళ్లిపోయాక అడిగాను.

"అక్కా, గా పుస్తకం నేను చదివిన. అండ్ల గట్ల లేదు గదా?"

ఆమె అటూ ఇటూ చూసింది. "చివరి కాయిదాలు ఎవలో చింపుకున్నరు చెల్లె. వీళ్లేమో ఏమైంది, ఏమైంది అని పానం తీస్తున్నరు. ఏం చెయ్యాలె? నేనే చెప్పిన. ఎవ్వలకు అనకు."

"అసలు దానికంటె నీదే మంచిగున్నది."

ఎగతాళి చేస్తున్నానేమోనని అక్క నా ముఖంలోకి చూసింది. కాదని తేలాక, ఎత్తబోతున్న బిందెను మళ్లీ కింద పెట్టింది.

"ఇంకొకటి గూడ ఉన్నది," అంది. "అది ఏ పుస్తకంల లేదు."

ఆ ఇంకొకటే మా నవల అయింది. అందులో హీరో బాయిలో బొగ్గు నింపేవాడు. హీరోయిన్ దవాఖానలో నర్సు పని నేర్చుకుంటున్న అమ్మాయి. వేలు నలిగి అతను కట్టు కట్టించుకోవడానికి వస్తాడు. మూడు రోజుల తర్వాత రమ్మంటే మర్నాడే వస్తాడు. ఆమె తిట్టి పంపిస్తుంది. ఆ మర్నాడు మళ్లీ వస్తాడు. అక్క ఇదంతా చెబుతుంటే నేను నోరు తెరుచుకుని విన్నాను. అప్పటిదాకా నేను చదివిన ప్రేమకథల్లో ఒక్క హీరో గోళ్లలో కూడా మసి ఉన్నట్టు గుర్తు లేదు.

"రాద్దాం అక్కా," అన్నాను. "నువ్వు చెప్పు, నేను రాస్త."

బడి వదిలాక, ఆదివారాలైతే చర్చి నుంచి వచ్చాక, వాళ్ల ముందు గదిలో కూర్చునేవాళ్లం. ఆమె చేటలో బియ్యం ఏరుతూ చెప్పేది, నేను లాంగ్ నోటుబుక్కులో రాసేదాన్ని. రాసింది మళ్లీ చదివి వినిపించాలి. ఒకసారి నేను, ఆమె నయనాలు అశ్రుపూరితాలయ్యాయి అని చదివాను. అక్క చేట ఆపింది.

"ఏమైనయి?"

"కండ్లల్ల నీళ్లొచ్చినయి అక్కా."

"మరి గదే రాయి."

నేనూ తక్కువ తినలేదు. ఆమె ఒక్కో అధ్యాయంలో నలుగురు కొత్త మనుషులను తెచ్చి, వాళ్ల పిల్లల పెళ్లిళ్ల దాకా వెళ్లిపోయేది. వీళ్లు మనకెందుకని నేను కొట్టేసేదాన్ని. ఒక్క మాట కోసం సాయంత్రమంతా వాదించుకున్న రోజులున్నాయి. డ్యూటీ దిగి లోపలి గదిలో పడుకున్న బావ ఒకరోజు అక్కడి నుంచే అన్నాడు. "ఏంది, వాడు గా పిల్ల చెయ్యి పట్టుకున్నడా లేదా? జల్ది పట్టుకోనియ్యుండ్రి. మీ లొల్లికి నాకు నిద్ర పడ్తలేదు."

నాయిన కంట మాత్రం నోటుబుక్కు పడకుండా దాచేదాన్ని. టీచరుగా ఉన్న పెళ్లికాని బిడ్డ ప్రేమకథ రాస్తోందంటే ఆయన ఏమంటాడోనని భయం. ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి కళ్లద్దాలు పెట్టుకుని అదే చదువుతున్నాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"బిడ్డా," అన్నాడు తల ఎత్తకుండా. "బాయిల దిగినోడు గిట్ల ఈల ఏస్కుంట తిరగడు. చెవి ఎప్పుడు పైకప్పు సప్పుడు మీదనే ఉండాలె. గది మార్చు."

మార్చాను. ఆ తర్వాత బాయి లోపలి సంగతులన్నీ ఆయనను అడిగే రాశాం.

చివరి అధ్యాయం దగ్గర అక్కకూ నాకూ చెడింది. మంచి సాహిత్యమంటే విషాదమే అనుకునే వయసు నాది. ఆమెకు చెప్పకుండా ముగింపు నేనొక్కదాన్నే రాశాను. పెళ్లికి వారం ముందు బాయిలో పైకప్పు కూలుతుంది. అతన్ని దవాఖానకు తెస్తారు. వేలి మీది పాత మచ్చ చూసి ఆమె గుర్తుపడుతుంది. రాస్తూ నేనే ఏడ్చాను. అంత బాగా రాశానని గర్వం కూడా ఉంది. ఆ ఆదివారం అక్కకు చదివి వినిపించాను. ఆమె ఉల్లిగడ్డలు కోస్తోంది. కత్తి పక్కన పెట్టి, కదలకుండా చివరిదాకా విన్నది.

"వాణ్ని పైకి తీస్కరా," అంది.

"అక్కా, జీవితం గిట్లనే ఉంటది గదా."

"జీవితం నాకు తెల్వదా చెల్లె? మా అన్న దిగిండు, మల్ల ఎక్కి రాలె. గా కథ నువ్వు నాకు చెప్పే పని లేదు." ఆమె గొంతు పెంచలేదు. "దినాం గింతమంది దిగుతున్నరు, గింతమంది పైకొస్తున్నరు. మసి కడుక్కుంటున్నరు, బువ్వ తింటున్నరు, పెండ్లాంతోని నాలుగు మాటలు మాట్లాడుతున్నరు. గది జీవితం కాదా? గది ఎవలు రాస్తలేరు. వాడు సచ్చిపోయెటట్టు ఉంటె నా పేరు తీసెయ్."

రెండేళ్లుగా రోజూ కలుస్తున్నా, వాళ్ల అన్న సంగతి నాకు ఆ రోజే తెలిసింది. తప్పయిందని అప్పుడే అనాల్సింది. అనలేకపోయాను. నోటుబుక్కు చంకలో పెట్టుకుని వచ్చేశాను. మూడు వారాలు మా మధ్య మాటలు లేవు. నేను నీళ్లకు వెళ్తే ఆమె ఆగేది, ఆమె వెళ్తే నేను ఆగేదాన్ని. నల్లా దగ్గర కథలు కూడా ఆగిపోయాయి.

ఒకరోజు బడి వదిలాక కాళ్లు ఇంటి వైపు పోలేదు. బాయి దారి పట్టాను. ఫస్టు షిఫ్టు ముగిసే వేళ. గేటు బయట నిలబడి చూశాను. వెలుతురుకు కళ్లు చిట్లిస్తూ ఒక్కొక్కరే వస్తున్నారు. ల్యాంపు రూంలో దీపాలు అప్పగించి, నల్లా కింద తలలు పెట్టి, నీళ్లు విదిలించుకుంటూ ఎవరో అన్న మాటకు నవ్వుతున్నారు. ఒకతను బజ్జీల బండి దగ్గర పొట్లం కట్టించుకుని, చల్లారిపోకుండా చొక్కా లోపల దాచుకుని, సైకిల్ గట్టిగా తొక్కుకుంటూ వెళ్లిపోయాడు. పుట్టినప్పటి నుంచి బొగ్గు ఊళ్లలోనే పెరిగిన నేను వాళ్లను అంత నిదానంగా చూసింది ఆ రోజే.

బావ నన్ను చూసి గాబరాగా దగ్గరకు వచ్చాడు. "ఏమైంది మరదలా? ఇంటికాడ అందరు మంచిగున్నరా?"

"మంచిగున్నరు బావ. మీరు పైకొస్తుంటె చూద్దామని వచ్చిన."

ఆయన నన్ను వింతగా చూశాడు. సైకిల్ నడిపించుకుంటూ నాతోపాటే ఇంటిదాకా వచ్చాడు. నేను తిన్నగా వాళ్ల ఇంట్లోకే వెళ్లాను.

"అక్కా, తప్పయింది. వాణ్ని పైకి తెద్దాం."

"ముందుగాల చాయ్ తాగు," అంది అక్క.

అతన్ని చంపడానికి నాకు ఒక్క మధ్యాహ్నం సరిపోయింది. బతికించి ఇంటికి రప్పించడానికి ఇద్దరికీ నెల పట్టింది. ఏమీ జరగని ఒక సాయంత్రాన్ని, చదివేవాళ్ల గుండె నిండేలా రాయడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నాలుగుసార్లు రాశాం, మూడుసార్లు చింపేశాం. నేను చూసిన బజ్జీల పొట్లం సంగతి చెబితే అక్క ముఖం వెలిగిపోయింది. మా హీరో కూడా అలాగే చొక్కా లోపల పొట్లం దాచుకుని వస్తాడు. ఆ వేడికి ఛాతీ కందిపోతుంది. ఆమె మందు రాస్తూ, మొదటి రోజు తిట్టిన దానికంటే ఎక్కువ తిడుతుంది. అతను బజ్జీ తింటూ వింటాడు. అక్కడ ఆపేశాం.

కాగితానికి ఒకవైపే శుభ్రంగా రాసి, నగరంలోని ఒక వారపత్రికకు రిజిస్టర్ పోస్టులో పంపించాం. రెండు నెలలకు సంపాదకుడి నుంచి ఉత్తరం వచ్చింది. కథ నచ్చింది, సీరియల్‌గా వేస్తాం, కానీ రెండు మార్పులు కావాలి. సంభాషణలు అందరికీ అర్థమయ్యే భాషలోకి మార్చాలి. ఇద్దరి పేర్లుంటే పాఠకులు తికమక పడతారు కాబట్టి చదువుకున్న నా పేరొక్కటే ఉండాలి.

అక్క విని, కాసేపు చేటలో బియ్యం అటూ ఇటూ కదిపింది. "నీ పేరే పెట్టియ్ చెల్లె. అచ్చయితె చాలు."

"నువ్వు లేకపోతె వాడు ఎన్నడో సచ్చిపోయేటోడు," అన్నాను.

ఆమెకు నవ్వొచ్చింది. "మరి మాటల సంగతేంది?"

"నువ్వే చెప్పు. రాస్త."

ఆమె చెప్పింది, నేను ఒక్క అక్షరం మార్చకుండా రాశాను. "అయ్యా, కోస్తా దిక్కు వాళ్ల మాటలు మేం ఇన్నేండ్ల సంది చదువుతున్నం. తెల్వని మాట వస్తె ముందుకు పోయి తెలుసుకుంటున్నం. వాళ్లు మా మాటలు ఒక్క పుస్తకంల చదివి తెలుసుకోలేరా? తెలుసుకుంటరు. మీరు ఫికర్ చెయ్యకుండ్రి." కింద ఇద్దరం సంతకాలు పెట్టాం.

ఉత్తరం డబ్బాలో వేశాక ఇద్దరికీ భయం పట్టుకుంది. నెల గడిచింది, జవాబు లేదు. చేతికందిన దాన్ని పోగొట్టుకున్నామని నేను లోలోపల ఏడ్చుకుంటున్నాను. అప్పుడు వచ్చింది ఒక కార్డు. రెండే రెండు ముక్కలు. సంభాషణలు యథాతథంగా వేస్తున్నాం. ఇద్దరి పేర్లూ ఉంటాయి. బడిలో అందిన ఆ కార్డు పట్టుకుని, చీరె కుచ్చిళ్లు ఎత్తిపట్టి, వీధి వెంట పరుగెత్తుకొచ్చాను. మా పిల్లలు టీచరమ్మ పరుగెత్తుతోందని నా వెనకే పరుగెత్తారు.

మొదటి భాగం వచ్చిన వారం బావ బస్టాండులో ఉన్న కాపీలన్నీ తెచ్చేశాడు. అక్క తన పేరు మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. మళ్లీ ఇంకోసారి చదువుకుంది. నల్లా దగ్గర ఆడవాళ్లు వచ్చే వారం ఏమవుతుందో చెప్పమని బతిమాలారు. అన్నాళ్లు అడిగిందే తడవుగా కథలు చెప్పిన మనిషి, నడుము మీద చెయ్యి పెట్టుకుని, "వారం ఆగుండ్రి," అంది. ల్యాంపు రూం దగ్గర మగవాళ్లు ఒకరు చదువుతుంటే పదిమంది వినేవారట. ఆఖరి భాగం వచ్చిన రోజు బావను పట్టుకుని, చొక్కా విప్పి కందిన చోటు చూపించమని ఏడిపించారట. ఆయన అది ఇంటికొచ్చి మాకు చెప్పుకున్న తీరు చూడాలి. నాయిన చర్చి నుంచి వస్తూ, ఎవరు అడిగినా అడగకపోయినా, బాయి సంగతులు తానే చూసిపెట్టానని చెప్పేవాడు. కోస్తా నుంచి ఒకామె, తన కూతురు ఇంట్లో ప్రతిదానికీ జల్ది, ఫికర్ అంటోందని పత్రికకు రాసింది. సంపాదకుడు ఆ ఉత్తరాన్ని మాకే పంపించాడు.

సీరియల్ అయిపోయిన నెలకు, ఒక ఆదివారం మధ్యాహ్నం, నస్పూర్ నుంచి ఒక ముసలామె వచ్చింది. మంచిర్యాలలో ప్యాసింజర్ ఎక్కి, రామగుండంలో దిగి, బస్సు పట్టుకుని, క్వార్టర్లలో వాళ్లనూ వీళ్లనూ అడుగుతూ అక్క ఇల్లు చేరింది. కొడుకుది బాయి పని. తనకు చదువు రాదు, కోడలు చదివి వినిపించిందట. అక్క ఇచ్చిన నీళ్లు తాగి, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"గా పిల్ల ఏడుంటది బిడ్డా?"

"ఏ పిల్ల అవ్వా?" అన్నాను.

"గదే, దవాఖానల కట్టు కట్టే పిల్ల. ఇంత దూరం వచ్చిన గదా, జర చూసి పోత."

అది కథేనని చెప్పబోతుంటే అక్క నా మోచేయి నొక్కింది.

"డ్యూటీకి పోయింది అవ్వా," అంది. "మంచిగున్నది. వాడు గూడ మంచిగున్నడు. ఫస్టు షిఫ్టు. డ్యూటీ దిగంగనే ఇంటికే వస్తడు."

ముసలామె తృప్తిగా తల ఊపింది. సంచీలోంచి సీతాఫలాలు తీసి గోడవారగా పెట్టింది. "వచ్చినంక ఇద్దరికి ఇయ్యుండ్రి," అంటూ లేచింది.

ఆమెను బస్సు ఎక్కించేదాకా ఇద్దరం పెద్దమనుషుల్లా ఉన్నాం. బస్సు కదిలాక అక్కకు నవ్వు ఆగలేదు. ఆమెను చూసి నాకూ ఆగలేదు. రోడ్డు పక్కన ఒకరి భుజం ఒకరు పట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాం. ఇంటికొచ్చి ఆ పండ్లు మేమే తిన్నాం.