ఎవరూ వాడని ఫైలు

వినికిడి లేని పిల్లల బడిలో ఆమె పని కంప్యూటర్లు చూసుకోవడం. పెద్దవాళ్లంతా కంప్యూటరక్క అని పిలిచేవారు. నోటితో పిలిచే పేర్లతో పిల్లలకు పనిలేదు కాబట్టి వాళ్లే ఆమెకు ఒక సైగ కట్టారు: గాల్లో పది వేళ్లూ టకటకా ఆడించి, వెంటనే నుదురు కొట్టుకోవడం. మొదట్లో చిన్నబుచ్చుకుంది గానీ, తర్వాత కొత్త పిల్లలకు ఆ సైగ తానే నేర్పేది.

బడిలో ఉన్నవి పద్దెనిమిది కంప్యూటర్లు, అన్నీ ముసలివే. పొద్దున మీట నొక్కి వెళ్తే, హాజరు పూర్తయి పిల్లలు వచ్చి కూర్చునేసరికి కూడా తెర తెల్లముఖం వేసుకునే ఉండేది. ఒకరోజు హెడ్‌ మేడమ్ పిలిపించింది.

"ఏమ్మా, వీటికేమన్నా వైద్యం ఉందా, లేకపోతే పాతసామాన్లలో పడేద్దామా?"

"కొత్తవి ఇస్తారా మేడమ్?"

"ఇస్తే నిన్నెందుకు అడుగుతాను?"

అలా సెలవుల్లో పని మొదలైంది. జబ్బు ఎక్కడుందో కంప్యూటరక్కకు త్వరగానే తెలిసింది. కంప్యూటర్లో కొన్ని ఫైళ్లు ఏ ఒక్క ప్రోగ్రాముకీ సొంతం కావు. ఉమ్మడి ఇంట్లో నిచ్చెనలాగా నాలుగైదు ప్రోగ్రాములు పంచుకుని వాడుకుంటాయి. అలాంటివాటికి కంప్యూటరు ఒక జాబితా పెట్టుకుంటుంది. ప్రతి పేరు పక్కనా ఒక అంకె, ఎన్ని ప్రోగ్రాములు వాడుతున్నాయో తెలిసేలా. ప్రోగ్రాము వస్తే ఆ అంకె పెరగాలి, పోతే తగ్గాలి. ఈ బడిలో ఇన్నేళ్లుగా వచ్చినవి వచ్చాయి, పోయినవి చెప్పకుండా పోయాయి. పన్నెండు వందల పైచిలుకు పేర్లు పోగుపడ్డాయి. లేని ఫైళ్లకు అంకెలున్నాయి. ఉన్నవాటిలో సగానికి సున్నా. ఒకే ఫైలు మూడుచోట్ల తిష్ట వేసింది. డిస్కులో ఊపిరాడే చోటు లేదు.

ఆమె ఒక నోట్‌పుస్తకం తీసుకుని పేరుపేరునా రాసుకుంది. సున్నా ఉన్న ప్రతి ఫైలు దగ్గరా కంప్యూటరు మర్యాదగా అడిగేది: దీన్ని ఏ ప్రోగ్రామూ వాడటం లేదు, తొలగించమంటారా? ఆమె ఆలోచించి, అవునని నొక్కి, పుస్తకంలో టిక్కు పెట్టేది.

"ఇంట్లో బీరువా సర్దమంటే ఏడాది పడుతుంది నీకు" అని నవ్వేవాడు దర్జీ పని చేసే భర్త.

మొదటి కంప్యూటరుకు మూడు రోజులు పట్టింది. తీసేసినవన్నీ ముందే వేరే డిస్కులో దాచింది. రెండు వారాలు అన్నీ నడిపించి చూసింది. అన్నీ పరుగెత్తాయి. దాంతో ధైర్యం వచ్చి మిగతా పదిహేడూ వరసగా కానిచ్చింది. దాచిన డిస్కు నిండిపోతుంటే, పాతది చెరిపేసి దాని మీదే కొత్తది రాసుకుంటూ పోయింది. బడి తెరిచాక అందరూ మెచ్చుకున్నారు.

వానాకాలం మధ్యలో ఒక ఇరవయ్యేళ్ల అమ్మాయి వచ్చింది. చిన్నప్పుడు ఆ బడిలోనే చదివింది. అప్పట్లో ఆమెకు బొత్తిగా వినపడేది కాదు. వాళ్లమ్మ ప్రతి గురువారం వచ్చి, మైకు ముందు కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్కో మాట పలికేది. పెదాలు చూసి పిల్ల పలికేది. మాట నేర్పే ప్రోగ్రాములో రెండు గొంతులూ రికార్డయ్యేవి. పిల్లకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయింది. మూడేళ్ల కిందట చెవిలో పరికరం అమర్చారు. రొద మాటగా మారడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పుడు ఫోన్లో తండ్రి గొంతు పోల్చుకోగలదు.

"ఇంట్లో అమ్మ ఫోటోలు చాలా ఉన్నాయి ఆంటీ" అంది, ఒక్కో అక్షరం జాగ్రత్తగా దించుతూ. "గొంతు లేదు. నేను ఒక్కసారి కూడా వినలేదు. బడిలో ఉంటుందని నాన్న చెప్పారు."

"ఎందుకుండదమ్మా! అన్నీ భద్రంగా ఉన్నాయి" అంది కంప్యూటరక్క. నిజంగానే ఉన్నాయి. అమ్మాయి పేరుతో, తేదీలతో నలభై ఒక్క రికార్డింగులు. మొదటిది నొక్కింది.

ఈ శబ్దం తెరవడానికి కావలసిన ఫైలు కనిపించలేదు, అంది తెర.

రెండోది నొక్కింది. పదోది నొక్కింది. పక్క కంప్యూటరుకు వెళ్లింది, దాని పక్కదానికి వెళ్లింది. అమ్మాయి చేతిసంచీ పట్టుకుని ఆమె వెనకే నడుస్తోంది. పద్దెనిమిదోదీ అదే మాట చెప్పింది. కంప్యూటరక్క సొరుగులోంచి నోట్‌పుస్తకం తీసింది. తెర చెప్పిన పేరు అందులో ఉంది. పక్కన సున్నా. దాని పక్కన తన చేతి టిక్కు.

మాట నేర్పే ఆ ప్రోగ్రాము రాసింది బడిలో పనిచేసి రిటైరై, తర్వాత చనిపోయిన ఒక మాస్టారు. కొత్త రికార్డింగులకు ఆ ఫైలుతో పనిలేదు. పాతవాటికోసం ఆయన దాన్ని తానే తయారుచేసి, మొదటి కంప్యూటరులో మాత్రం చేత్తో పెట్టాడు. కంప్యూటరుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అందుకే సున్నా.

"ఏమైందాంటీ?"

"నేనే తీసేశాను తల్లీ. పనికిరాదనుకున్నాను."

అమ్మాయి ఆమె పెదాలకేసి చూసింది, సరిగా వినలేదేమో అన్నట్టు. "మళ్లీ పెట్టేయండి" అంది.

రెండు నెలలు తిరగని చోటు లేదు. దాచిన డిస్కు చూసిన రిపేరు కుర్రాడు, "ఒకదాని మీద ఒకటి పద్దెనిమిదిసార్లు రాశారు కదమ్మా, ఇంకేం మిగులుతుంది?" అన్నాడు. ఇంటర్నెట్‌లో అదే పేరుతో ఏడు ఫైళ్లు దొరికాయి. ఆరింటితో ఏమీ రాలేదు. ఏడోదానితో రేకు గీకినట్టు చప్పుడొచ్చింది. మాస్టారి భార్య ఫోన్లో, "ఆయన పోయిన ఏడాదే ఆ కంప్యూటరు పెట్టెలన్నీ ఇచ్చేశామమ్మా, ఎవరికిచ్చామో కూడా గుర్తులేదు" అంది. కాలేజీలో శబ్దాల మీద పనిచేసే ఆయన చూసి, శబ్దం దాచే ఈ పద్ధతి మాస్టారు సొంతంగా కట్టుకున్నది, ఆ ఫైలు లేకపోతే ఇవి ఉత్త అంకెలేనన్నాడు.

బడిలో ఒక్కరూ తిట్టలేదు. "బాగు చేశావని మెచ్చుకున్నది మేమే కదమ్మా" అంది హెడ్‌ మేడమ్. ఎవరైనా గట్టిగా నాలుగు మాటలంటే బాగుండుననిపించింది ఆమెకు.

"ఏం, కావాలని చేశావా?" అని ఓదార్చబోయాడు భర్త.

"కావాలనే చేశాను. ఒక్కొక్కటీ చదివి, ఆలోచించి మరీ చేశాను."

అతను ఆమె పళ్లెంలోని అన్నం మీద మూత పెట్టాడు.

అమ్మాయి ఇంకోసారి వచ్చి ఆ నలభై ఒక్క రికార్డింగులూ పెన్‌డ్రైవ్‌లో వేయించుకుంది. "తెరుచుకోకపోయినా నా దగ్గరుండనీ ఆంటీ" అంది. నెలకోసారి మెసేజ్ పెట్టేది: ఏమైనా తెలిసిందా ఆంటీ? కంప్యూటరక్క లేదు తల్లీ అని రాసి, దాని కింద ఇంకేదో రాయబోయి చెరిపేసేది. ఆరోనెల మెసేజ్ రాలేదు. ఏడోనెలా రాలేదు. తానే పలకరిద్దామని రెండుసార్లు ఫోన్ తీసింది గానీ, చెప్పడానికి కొత్త సంగతి ఏదీ లేదు.