పసిరికల పెళ్లికొడుకు

ఆ రోజుల్లో మా ధర్మపురి ఇంట్లో మనిషి ఒంటిని శుభ్రం చేయడానికి అంగడికి పోవలసిన పని ఉండేది కాదు. తలకు కుంకుడుకాయ, ఒంటికి పెసరపిండి, పళ్లకు వేపపుల్ల, గిన్నెలకు పొయ్యిలోని బూడిద. సబ్బుబిళ్ల అంటే చుట్టాలొచ్చినప్పుడు బావి దగ్గర పెట్టి, వాళ్లు పోగానే ఎండబెట్టి గూట్లో దాచుకునే వస్తువు. అటువంటి ఇంట్లో పుట్టినవాడికి సహజ జీవనం గురించి ఇంకొకరు చెప్పాల్సింది ఏముంటుంది? కాని ఇరవై దాటిన వయసులో మనిషికి తన ఇంట్లో ఉన్నది కనబడదు. అదే సంగతి ఖద్దరు కట్టుకున్న పెద్దమనిషి మైకులో చెబితే జ్ఞానోదయమవుతుంది. నాకూ అట్లాగే అయింది.

అప్పటికి నేను ఆసిఫాబాద్‌లో కొత్తగా పంతులుగా చేరాను. చేతిలో జీతం పడగానే చేసిన మొదటి ఘనకార్యం వాసన సబ్బు, మొహానికి పౌడరు, తలకు ఎర్రటి సీసా నూనె కొనుక్కోవడం. కొన్నాళ్లు బడిలో నేను వస్తున్నానంటే ముందు నా వాసన వచ్చేది. అంతలో ఏదో పని మీద కరీంనగర్ పోయి, పొద్దుపోక ఒక సభలో కూర్చున్నాను. ఆ ఉపన్యాసకుడు బల్ల గుద్ది, "నోట్లో పెట్టుకోలేనిది ఒంటికి పెట్టుకోకండి" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా బతుకు మారిపోయింది. తిరిగి రాగానే సబ్బు, పౌడరు, సీసా అన్నీ మా ఇంటి యజమానురాలికి ఇచ్చేశాను. (ఆవిడ మరాఠీ ఆమె. ఎందుకు, ఏమిటి అని ఒక్క ముక్క అడగకుండా పుచ్చుకుంది.)

ఇక నా స్నానం వంటతో సమానమైంది. శనగపిండి, పెరుగు, నిమ్మరసం, మీగడ, పసుపు గిన్నెలో కలిపి ఒంటికి పట్టించేవాణ్ని. ఇంటావిడ అరుగు మీద కూర్చుని, "ఏం మాస్తర్, తానం చేస్తున్నవా, భజీలు చేస్తున్నవా?" అనేది. ఆవిడకు నవ్వులాటగానే ఉండేది గాని నా కష్టాలు నావి. చెవి వెనక మిగిలిన మీగడ కోసం చీమలు బారు కట్టి మంచమెక్కేవి. గంజి పెట్టి ఆరేసిన పంచెను ఆవిడ మేక ఒక కొస నుంచి ఇష్టంగా నములుతూ ఉంటే, దాన్ని అదిలించడానికి కూడా నాకు మొహం చెల్లలేదు. తినదగినవే వాడమని నేనే కదా ఊరందరికీ చెబుతున్నది! బడిలో పిల్లలు నాకు 'పిండి సారు' అని పేరు పెట్టారు. పెద్ద పెద్ద పనులు చేసినవాళ్లందరినీ చూసి లోకం మొదట నవ్వింది కదా అని ఓర్చుకున్నాను.

అన్నిటికన్నా పసుపు మీద నాకు గురి కుదిరింది. ఆడవాళ్లు రోజూ రాసుకునేదే కదా అనుకున్నాను. వాళ్లు రాసుకునేది వేరే రకం పసుపని, అదీ చిటికెడేనని, పల్చగా రుద్ది కడిగేస్తారని నాకెవరు చెప్పారు? నేను కూరల్లో వేసే కొమ్ము పసుపు గుప్పెడు తీసుకుని, చిక్కగా పట్టించి, బాగా ఆరేదాకా అంగవస్త్రంతో పెరట్లో నిలబడేవాణ్ని. గదిలో ఉన్న అద్దం అరచేయంత, వెలుతురు అంతకన్నా తక్కువ. అందులో చూసుకుని, ఒంటికి బంగారు ఛాయ వస్తోందని మురిసిపోయాను.

అట్లా ఛాయ ముదిరిన రోజుల్లో ధర్మపురి నుంచి కబురొచ్చింది. మెట్‌పల్లి పక్కన ఒక పల్లెలో పిల్ల ఉంది, చూసుకోవడానికి రమ్మని. బాపుకు మోకాళ్ల నొప్పులు, అందుకని మేనమామను పంపిస్తున్నారు. 'మంచి సంబంధం, చెడగొట్టకు' అని అవ్వ ప్రత్యేకంగా చెప్పి పంపింది. (మా వైపు బాపు అంటే నాన్న, అవ్వ అంటే అమ్మ.) పెళ్లిచూపులు కదా అని నేను ఆ పొద్దున పసుపు మామూలుకన్నా రెట్టింపు వేసుకున్నాను. బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన కొంచెం సేపు నా చేతులు చూసి, లేచి వెనక సీటులోకి పోయాడు. అక్కణ్నుంచే, "ఏమనుకోకు తమ్మీ, మా ఊర్ల ఆకుమందు ఇచ్చేటోడున్నడు, జల్దీ పో" అన్నాడు. ఏ మందు, ఎవరికి అన్నది నాకు తట్టలేదు.

మెట్‌పల్లి బస్సు దిగగానే మేనమామ నన్ను చూసి నోరు తెరిచాడు.

"ఏందిరా గిట్లున్నవ్? పాణం మంచిగున్నదా?"

"మస్తుగున్నది మామా. సబ్బు బంద్ చేసిన."

"సబ్బు బంద్ చేస్తె మనిషి పచ్చగైతడా? గా హోటల్ల సబ్బున్నది, జర మొకం కడుగురా, నీకు దండం పెడ్త."

నేను కడగలేదు. సిద్ధాంతమంటే సిద్ధాంతమే. పెళ్లిచూపుల కోసం సిద్ధాంతం వదులుకునేవాడు రేపు పెళ్లాం కోసం ఇంకేం వదులుకుంటాడో అని ఆయనకు దారి పొడుగునా బోధించాను. ఆయన బీడీ మీద బీడీ కాలుస్తూ విన్నాడు.

వాళ్లది పసుపు పండించే ఇల్లు. వాకిలి నిండా ఉడకబెట్టి ఆరబోసిన కొమ్ములు. పిల్ల తండ్రి నెమ్మదైన మనిషి. ఎదురొచ్చి, కాళ్లకు నీళ్లిచ్చి, మంచం వాల్చి, ఆ తర్వాత నా మొహం సరిగ్గా చూశాడు. చెంబు కింద పెట్టి, "సారూ, అన్నం సయిస్తున్నదా?" అని అడిగాడు. వియ్యానికి ముందు ఇంత పట్టింపుగా అడిగే మామ దొరకడం అదృష్టమనుకుని, నా సహజ జీవనమంతా విప్పి చెప్పాను. "ఉప్పు, కారం తగ్గించిన. నూనె ముట్ట. ఛాయ్ బంద్. మజ్జిగ, చప్పిడి కూరలు, గంతే" అన్నాను. నేను ఒక్కొక్కటే చెబుతుంటే ఆయన మొహం ఒక్కొక్క మెట్టే దిగిపోతోంది. పక్కన మేనమామ నా కాలు తొక్కుతున్నాడు. ఆఖరుకు ఆయన నా చెవి దగ్గరికి వంగి, "ఒంటికి పోతె ఎట్లొస్తున్నది సారూ, పచ్చగనా?" అన్నాడు. పెళ్లిచూపుల్లో ఏ పెళ్లికొడుకునూ మూత్రం రంగు అడిగి ఉండరు.

ఆయన మామను వాకిట్లోకి తీసుకుపోయాడు. గొంతు తగ్గించే మాట్లాడాడు గాని నాకు వినబడింది. "బావా, తప్పుగ అనుకోకు. మా తమ్ముడు పోయినేడు పసిరికలతోనే పోయిండు. గిట్లనే పచ్చగైండు, గిట్లనే చప్పిడి తిన్నడు. వాని పెండ్లాన్ని చూస్తె నాకు అన్నం దిగది. ఎరికుండి నా బిడ్డనెట్లియ్యాలె?" (కామెర్లను మా వైపు పసిరికలంటారు.) అప్పటిదాకా నాలో పొంగుతున్న ఉపన్యాసమంతా ఎక్కడికక్కడ ఇంకిపోయింది. ఆయన బాధ చూస్తే నాకు నా సంబంధం పోతున్న దిగులు కూడా చిన్నదైపోయింది.

లేచి వాకిట్లోకి పోయి, "పసిరికలు కాదు, పసుపు! నేనే రాసుకున్న" అన్నాను.

"మొగోడు ఒంటినిండ పసుపెందుకు రాసుకుంటడు సారూ?" అన్నాడాయన, జాలిగా. కరీంనగర్ సభ, మైకు, ఖద్దరు మనిషి అని మొదలుపెట్టేసరికి, జబ్బు తలకు కూడా ఎక్కిందన్నట్టు చూశాడు.

అప్పుడు లోపలి అరుగు మీద ఆకూ వక్కా దంచుకుంటున్న ముసలావిడ పిలిచింది. ఆమె పిల్లకు నాయనమ్మ. "ఏదీ, ఇట్ల రా కొడుకా. నాకు కండ్లు ఆనయి. ఎవలన్న వాని కండ్లు పచ్చగున్నయో లేవో చూడుండ్రి."

తలుపు వెనక నుంచి సన్నగా ఒక గొంతు, "లేవు నాయినమ్మా. తెల్లగనే ఉన్నయి" అంది.

"నువ్వెప్పుడు చూసినవే?" అంది ముసలావిడ. తలుపు వెనక గాజులు గలగలమని, చప్పుడు ఆగిపోయింది. "ఇగ చూసినవు గద, బయిటికి రా. సున్నం డబ్బీ తీస్కో. వాని చేతికి జరంత రాయి. పసుపైతె ఎర్రగైతది, పసిరికలైతె గట్లనే ఉంటది."

పిల్ల వచ్చింది. తల వంచుకునే వచ్చింది గాని పెదవి పంటి కింద నొక్కిపెట్టి ఉందని నాకు కనబడింది. మామకు, తండ్రికి, నాయనమ్మకు మధ్య నేను చెయ్యి చాపి నిలబడ్డాను. ఆమె చూపుడువేలితో సున్నం తీసి, నా కుడి చేతి వెనక ఒక్కసారి మెల్లగా రుద్దింది. ఆ వేలు కింద మందారపువ్వు విచ్చుకున్నట్టు ఎరుపు లేచింది.

"అయిందానే ఎర్రగ?" అంది ముసలావిడ.

"అయింది నాయినమ్మా." ఇక ఆపుకోలేక పిల్ల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది.

తండ్రి గడప మీద కూలబడ్డాడు. ముందు నవ్వాడు, నవ్వుతూనే రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు, మళ్లీ నవ్వాడు. "సారూ, గింత పసుపు నా చేన్ల గుడ పండలే!" అన్నాడు. మామ కొత్త బీడీ ముట్టించాడు. మేం తిరిగి బయల్దేరే వేళకు సంబంధం ఖాయమయింది. ముసలావిడ మాత్రం ఒక షరతు పెట్టింది. పెండ్లినాడు పసుపు వాళ్లే రాస్తారట, అప్పటిదాకా నేను ముట్టవద్దట.

మెట్‌పల్లిలో బస్సు కోసం చూస్తున్నప్పుడు మామ నీళ్ల చెంబు చేతికిచ్చి, "ఇగనన్న కడుక్కోరా, మంది చూస్తున్రు" అన్నాడు. మొహం కడుక్కున్నాను. మామ మాట కాదనలేక, హోటలు సబ్బుతోనే. కుడి చెయ్యి మాత్రం కడుక్కోలేదు. ఆ ఎరుపు ఎండ తగిలితే పోతుందని ఎవరో అనగా విని, బస్సులో ఎండ లేని వైపు కూర్చుని, చేతి మీద కండువా కప్పుకున్నాను. ఆసిఫాబాద్ చేరేసరికి అది ఎంత కళ్లు చికిలించి చూసినా కనబడీ కనబడనట్టు మిగిలింది. నలుగురికీ శుభ్రత బోధించే పిండి సారు ఆ రోజు స్నానం చేయకుండా, చెయ్యి గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు. అంత మురికిగా, అంత సంతోషంగా ఆ తర్వాత ఎప్పుడూ పడుకున్నట్టు గుర్తు లేదు.

ఇప్పుడు ఆ కుర్రవాణ్ని తలుచుకుంటే నవ్వొస్తుంది. ఒంటి మీద అంత పిండి, తలలో అంత గాలి. నవ్వుకుని, ఇంట్లో ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకుని, ముడతలు పడ్డ కుడి చెయ్యిని ఒక్కసారి అటు తిప్పి చూసుకుంటాను.