పైన పడతా ఉండాది

"మన బాటనీ మేడం పోయినారే" అని ఉదయగిరి నించి నా ఇంటర్ స్నేహితురాలు ఫోన్ చేసినప్పుడు, ఆత్మకూరులో మా అంగట్లో కందిపప్పు తూస్తా ఉన్నాను. "అట్నా" అన్నాను. పొట్లం కట్టిచ్చి, "నీకేం కావాలన్నా?" అని తర్వాతి గిరాకీని అడిగినాను. "ఏందే, ఇన్నావా లేదా?" అని అది ఫోన్లో ఏడుస్తానే అరిచింది. విన్నాను. ఏడుపు రాలా. ఇది రాస్తా ఉన్నా రాలా.

మేడం క్లాసు గదిలో చెప్పింది తక్కువ. ఉదయగిరి కొండకు తీసుకుపోయి, ముళ్ళపొద ముందు నిలబెట్టి "ఇది ఎవరిల్లు?" అని అడిగేవాళ్ళు. చెట్టు పేరు చెప్తే చాలదు. తొండ, చీమలు, పిట్ట గూడు, అన్నీ వెతికి చెప్పాల. "పేరుదేముంది, కాపురం చూడండి" అనేవాళ్ళు. మా కాళ్ళల్లో ముల్లు దిగితే గాజుకున్న పిన్నీసు తీసి, కింద కూర్చుని, పాఠం చెప్తానే తీసేవాళ్ళు. మా అమ్మ కూడా అంత ఓపిగ్గా తీయలా.

ఒక ఏడు కేరళ అడవికి బయల్దేరదీసినారు. "చెట్లు చూడ్డానికి అంత దూరమా? సోమశిల పోయే దావలో లేవా?" అని మా నాయన అడ్డం తిరిగినాడు. మేడం అంగడికొచ్చి బియ్యం మూట మీద కూర్చున్నారు. "ఉండాయన్నా. ఇవి ఎండకు మొండికేసిన చెట్లు. వానకు మురిసిన చెట్లు కూడా చూడనీ బిడ్డని." నాయన గల్లాపెట్టె తీసి చార్జీలకు డబ్బులిచ్చినాడు. ఆ ఒక్క మాటతో నేను లోకం చూసినాను.

పుస్తకంలో వర్షారణ్యం అని బట్టీ పట్టింది అదే. ఆకు కూడా తెంపకూడదని గార్డు ముందే చెప్పినాడు. ఒక్క మాను మీదే పాచి, ఫెర్నులు, ఆర్కిడ్లు, చీమల బారు, గోరంత కప్ప. పైన నల్ల కోతుల గుంపు. పెద్ద ముక్కు హార్న్‌బిల్ పిట్ట ఎగిరితే రెక్కల చప్పుడు బస్సు బ్రేకు గాలి వదిలినట్టుండింది. "ఎవరిల్లు ఇది?" అన్నారు మేడం. "అందరిదీ" అన్నాం.

ఇంతలో నా స్నేహితురాలు కెవ్వుమనింది. కాలికి జలగ! "సంగం కాలవలో ఉండాల్సింది ఇక్కడ ఆకు మీదకెక్కిందేంది మేడం?" మేడం గోటితో దాన్ని తప్పించి, "దానింటికి మనమొచ్చినాం, తిట్టబాక" అన్నారు. నవ్వలేక చచ్చినాం.

అప్పుడే పైన హోరు. "వాన!" అని అందరం చేతులు చాపినాం. ఒక్క చుక్క పడలా. మేడం తలెత్తి చూసినారు. "పైన పడతా ఉండాది. ఆకాకు దగ్గరా ఆగి, అందరికీ ఇచ్చుకుంటా కిందికి రావాల. తొందరపడబాకండి." నిజంగానే చాలా సేపటికి ముక్కు మీద చుక్క పడింది. పైన వాన ఆగినాక కూడా మా మీద పడతానే ఉండింది.

ఫోనొచ్చినాక ఉదయగిరి పోయి మేడాన్ని ఆఖరిసారి చూసినాను. అందరూ ఏడుస్తా ఉన్నారు. నేను మేడం చేతి నించి తీసి పళ్ళెంలో పెట్టిన గాజులు చూస్తా నిలబడినాను. "రాయివే నువ్వు" అని నా స్నేహితురాలు ఒక గాజుకున్న పిన్నీసు తీసి నా అరచేతిలో పెట్టింది. నిజంగా రాయినేనా అని భయమేసింది. అంత చేసిన మనిషికి కన్నీటి చుక్క కూడా లేదా నా దగ్గర?

బస్సెక్కినా ఆ చెయ్యి మూయలా. పక్క సీట్లో అవ్వ చాలాసేపు చూసి, "ఏందమ్మా, చెయ్యట్టా చాపుకోనుండావు?" అనింది.

"పైన పడతా ఉండాదవ్వా" అన్నాను.

అవ్వ కిటికీలోంచి తల బయట పెట్టి ఆకాశం చూసింది. ఎండ మండిపోతా ఉండాది.