రత్నమ్మ గీసిన వెనక తొవ్వ

2022 చలికాలంలో సికింద్రాబాద్‌లోని మా ఆఫీసుకు ఒక గ్రామీణ మండలం పని వచ్చింది. రాబోయే పాతికేళ్లలో ఆ మండలం ఎటు పెరగాలో, ఎలా పెరగాలో అక్కడి జనం చేతే చెప్పించి పటం మీదికి ఎక్కించాలి. మా భాషలో దీన్ని పర్‌స్పెక్టివ్ ప్లాన్ అంటాం. ఈ ఏడాది ఎక్కడ సీసీ రోడ్డు వేయాలన్నది కాదు దాని పని. ఇవాళ పుట్టిన పిల్లకు పెళ్లీడు వచ్చేనాటికి ఊరు ఎలా ఉండాలన్నది. నేను ప్లానర్‌ని. ఊళ్లలో కూర్చుని జనం చేత మాట్లాడించడం నా వంతు. పటాలు గీసేవాళ్లకు ఏసీ గది, నాకు ఎండ.

నేరేడ్‌మెట్‌లో మా ఇంటి దగ్గర బయల్దేరి సైనిక్‌పురి దాటాక ఇళ్లు మెల్లగా పలచబడేవి. ఆ తర్వాత పత్తి చేలు. చేల మధ్య వరసగా పాతిన ప్లాట్ల రాళ్లు. పెద్ద రోడ్డు ఒకటి అటువైపు రాబోతోందన్న మాట అప్పటికే అందరి నోళ్లలో నానుతోంది. దాంతో ప్రతి మలుపులో ఏదో ఒక వెంచర్ ఫ్లెక్సీ, దాని మీద ఈత కొలను బొమ్మ. ఆ చుట్టుపక్కల తాగే నీళ్లు ఇంకా ట్యాంకర్‌లో వస్తున్నాయి.

ఏ ఊరికి వెళ్లినా మొదటి ప్రశ్న నాకే పడేది.

"మీదే ఊరు మేడమ్?"

"నేరేడ్‌మెట్."

"గది సిటీ గద. ఊరేదని అడుగుతున్న."

గుంటూరు వైపు అనేసి మాట మార్చేదాన్ని. మా నాన్న ఉద్యోగం కోసం కుర్రతనంలోనే సికింద్రాబాద్ వచ్చి, ఇక్కడే బళ్లో టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. మమ్మల్ని ఒక్కసారి కూడా తన ఊరికి తీసుకెళ్లలేదు. అడిగితే, "మనకక్కడ పనేముంది?" అనేవారు. ఎవరైనా తీరిగ్గా కూర్చుని 'మా ఊళ్లో' అని మొదలుపెడితే నాకు ఇప్పటికీ బెంగగా ఉంటుంది. చూడని చోటు మీద బెంగేమిటని నన్ను నేనే కసురుకుంటాను. అది మాత్రం పోదు.

సరే, పని సంగతికి వస్తాను. మా పనిలో విజనింగ్ అని ఒక ఘట్టం ఉంది. జనాన్ని కూర్చోబెట్టి, పాతికేళ్ల తర్వాత మీ ఊరు ఎలా ఉండాలని అడగడం. మా ట్రైనింగ్‌లో ఇది మహా సులువుగా కనిపిస్తుంది. ఊళ్లో అడిగి చూడండి. "గప్పటికి ఎవలుంటరో ఎవలు పోతరో" అని ఒకరంటారు. "బతికుంటె సూద్దాం" అని ఇంకొకరు. అంత దూరం మాట నోటితో అనడం వాళ్లకు మంచిది కాదనిపిస్తుంది. ఒకాయన మాత్రం విమానాశ్రయం కావాలన్నాడు. అందరూ నవ్వి టీ తాగి లేచిపోయారు.

రెండు మూడు ఊళ్లలో ఇలా భంగపడ్డాక ప్రశ్న మార్చాను. "మీ ఇంట్లో అందరికంటే చిన్నపిల్ల ఎవరు? ఆ పిల్ల పెళ్లి రోజు బరాత్ మీ ఇంటి నుంచి బస్సు రోడ్డు దాకా ఎటు నుంచి పోతుందో చూపించండి" అన్నాను. బరాత్ అంటే పెళ్లి ఊరేగింపు. అంతే, తూము ఎత్తినట్టు మాటలు వచ్చాయి. కారు తిరగాలంటే గల్లీ ఎంత వెడల్పుండాలి, కరెంటు తీగలు ఎంత ఎత్తులో ఉండాలి, వచ్చిన బంధువులు ఎక్కడ దిగాలి, వంటకు నీళ్లు ఎక్కడివి. తమ బతుకు గురించి పాతికేళ్ల మాట చెప్పడానికి జంకే మనిషి, మనవరాలి పెళ్లి గురించి గంట మాట్లాడతాడు. మా వాళ్లు రిపోర్టులో దీనికి ఏదో పెద్ద పేరు పెట్టారు. నేను మాత్రం బరాత్ ప్రశ్న అనే అంటాను.

ఇప్పుడు చెప్పబోయేది ఒక ఊరి సంగతి. పేరు రాయను. ఊరికి దిగువన కింది వాడ ఉంది, వాడ చివర చిన్న చర్చి. వాడ నుంచి ఊరి పెద్ద వీధికి నేరుగా ఒక గల్లీ ఉండాలి. పాత పటంలో ఉంది. కానీ అది వీధిలో కలిసే చోట అడ్డంగా ఒక పశువుల కొట్టం ఉంది. సత్తిరెడ్డి పటేల్ వాళ్లది, ఆయన తండ్రి కాలంలో కట్టింది. దాంతో వాడ జనం వెనక నుంచి, పొలాల గట్ల మీదుగా, ఊరంతా చుట్టి బస్సు రోడ్డుకు వెళ్తారు. ఆ పొలాలు అప్పటికే ఒక వెంచర్‌కు అమ్ముడుపోయాయి, హద్దురాళ్లు కూడా పాతారు. రేపు ప్రహరీ లేస్తే వెనక దారి కూడా ఉండదు. ప్లాన్‌లో కొట్టం అడ్డున్న ఈ ముందు గల్లీని రోడ్డుగా చూపిస్తే వాడకు ఒక దారి మిగులుతుంది. చూపించకపోతే అంబులెన్స్ కూడా లోపలికి రాలేదు. ఇది ఊళ్లో అందరికీ తెలుసు. ఎవరూ అనరు.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక బడి ఆవరణలో కూర్చున్నాం. నేల మీద ముగ్గుతో ఊరి వీధులు, బడి, చర్చి, ట్యాంకు గీయించాను. దీన్ని మేం బేస్ మ్యాప్ అంటాం, అంటే ఉన్నది ఉన్నట్టు చూపే పటం. దాని మీద రాబోయేది ఎర్రటి ఇటుక పొడితో గీయాలి. ఒక్కొక్కరే లేచి తమ ఇంటి పిల్ల బరాత్ గీస్తున్నారు. ఒకావిడ డీజే బండి ఎక్కడ ఆగుతుందో కూడా గీసింది.

కింది వాడ నుంచి రత్నమ్మ లేచింది. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఆమె కోడలు స్వరూప ఒళ్లో నెలల పిల్ల, కరుణ, నిద్రపోతోంది. ఆ పిల్ల పెళ్లే గీయాలి.

"మంచిగ గీస్త సూడుండ్రి" అని రత్నమ్మ కొంగు దోపుకుంది. వాడలో తమ ఇంటి ముందు ఎర్ర పొడి పోసి అక్కడ పందిరి వేసింది. చర్చి దగ్గర ఆగి దండలు మార్పించింది. అక్కడి నుంచి గీత మొదలుపెట్టి వాడ వెనక్కు తిరిగింది. గట్టు మీదుగా, పొలాల అంచున, ఊరంతా చుట్టి, ఒంగి ఒంగి నడుస్తూ బస్సు రోడ్డు దాకా గీసింది. నడుం నిలబెట్టి, "అయింది మేడమ్" అంది. మొహం వెలిగిపోతోంది.

అప్పుడు స్వరూప మెల్లగా అడిగింది. "అత్తమ్మా, గప్పుడు సుత ఎనకకెల్లేనా?"

రత్నమ్మ తను గీసిన గీతను చూసుకుంది. చేతిలో పొడి అలాగే ఉంది. ఏ అడ్డూ లేదు, ఎంత కావాలంటే అంత కోరుకోండి అని నేనే చెప్పాను. పాతికేళ్ల అవతలి పెళ్లి, ముద్దుల మనవరాలిది, అందులోనూ ఆమె వెనక దారినే పట్టుకుని పోయింది. ఆ క్షణంలో నాకు ఏడుపొచ్చింది. కళ్లజోడు తుడుచుకునే వంకతో తల దించుకున్నాను.

రత్నమ్మ ఆ గీతను కాలితో చెరిపింది. చర్చి దగ్గరికి తిరిగొచ్చి ముందు గల్లీలో పొడి పోయడం మొదలుపెట్టింది. కొట్టం ముగ్గు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

"ఆ గల్లీ ఎప్పుడో బంద్ అయింది" అన్నాడు సత్తిరెడ్డి, కూర్చున్న కుర్చీలోంచే. కోపంగా అనలేదు. వాన పడటం లేదని చెప్పినంత మామూలుగా అన్నాడు.

"బంద్ అయింది పటేలా, ఎరకనే" అంది రత్నమ్మ. ఆయన వైపు తిరిగి, "మీ పెండ్లి బరాత్ ముంగట మా ఆయన డప్పు కొట్టిండు. గప్పుడు ఏ తొవ్వన వచ్చిండు?" అంది.

మా ట్రైనింగ్‌లో ఇలాంటి చోట మాట కలిపి వేడి తగ్గించమంటారు. నేను కలపలేదు.

మాట్లాడింది సత్తిరెడ్డి భార్య అనసూయమ్మ. ఆడవాళ్ల వరసలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "గా గల్లీలకెల్లే వచ్చిండ్రు. నాకు యాదికున్నది" అంది. "కొత్త పెండ్లికూతుర్ని, తల వంచుకొని కూసున్న. డప్పు సప్పుడు గల్లీలకెల్లి దగ్గరికి వస్తుంటే జెర ధైర్యమైంది. ఈ ఊర్ల నేను ముందు ఇన్నది గదే."

సత్తిరెడ్డి భార్య వైపు చూశాడు. తర్వాత లేచి, టవలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. ఆయన కుర్చీ అలాగే ఉంది, అందులో ఎవరూ కూర్చోలేదు. రత్నమ్మ గల్లీ సగంలో పొడి ఆపేసి వెళ్లి కోడలి పక్కన కూర్చుంది. మిగతా సగం ఎవరినీ గీయమని నేను అడగలేదు.

ఆ సాయంత్రం నేరేడ్‌మెట్‌లో నాన్న వరండాలో టీ తాగుతుంటే పక్కన కూర్చున్నాను. "నాన్నా, మన ఊళ్లో మన ఇంటికి ఎటు నుంచి వెళ్లేవాళ్లు?" అని అడిగాను.

"కాలవ గట్టు మీంచి. ఎందుకే ఇప్పుడు?"

"ఊళ్లోంచి దారి లేదా?"

ఆయన కప్పు కింద పెట్టారు. "ఉంది. మాకు కాదు" అన్నారు. తర్వాత, "గట్టు పక్కన జమ్ము పూసేదమ్మా. బాగుండేది" అన్నారు. ఆయన గొంతులో నేను ఎప్పుడూ వినని మెత్తదనం. మమ్మల్ని ఎందుకు తీసుకెళ్లలేదో నాకప్పుడు అర్థమైంది. తీసుకెళ్తే ఏ దారిన నడిపించాలో ఆయనకు తెలియలేదు. ఆయన ఊరిని మరిచిపోయారనుకుని ఇన్నేళ్లు లోలోపల అలిగాను. రోజూ తలుచుకునేవారేమో. అది మాకు ఎవరికీ తెలియదు.

మా పద్ధతి ప్రకారం ముసాయిదా పటాన్ని గ్రామసభలో పెట్టి అభ్యంతరాలు అడుగుతారు. ఎవరైనా గట్టిగా కాదంటే ఆ అంశం పక్కకు పోతుంది. పక్కకు పోయింది తిరిగి వచ్చిన దాఖలా నా సర్వీసులో లేదు. ముసాయిదాలో చేర్చిన ముందు గల్లీ అంశాన్ని నేనే చదివాను. పంచాయతీ కార్యదర్శి, "అభ్యంతరం ఉన్నోళ్లు చెప్పుండ్రి" అన్నాడు. సత్తిరెడ్డి వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అందరూ ఆయన వైపు చూడకుండా ఆయన కోసమే ఆగారు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. కార్యదర్శి తర్వాతి అంశంలోకి వెళ్లాడు. సత్తిరెడ్డి ఇచ్చింది ఆ మౌనమే, ఒప్పుకున్నానని నోటితో అనలేదు. నాకు ఆ పూట అది చాలు.

పటం అచ్చయి వచ్చాక పంచాయతీ గోడకు అంటించాం. చూడటానికి వాడ ఆడవాళ్లందరూ వచ్చారు. రత్నమ్మ తమ ఇంటిని వెతుక్కుని, అక్కడి నుంచి వేలు జరుపుతూ గల్లీ దగ్గర ఆగింది.

"మిగిలిన తొవ్వలన్నీ గీతలున్నయి. మాది చుక్కలెందుకు పెట్టిండ్రు?"

"గీత అంటే ఉన్న రోడ్డు, రత్నమ్మా. చుక్కలంటే వేయబోయే రోడ్డు" అన్నాను.

"ముగ్గు లెక్క. చుక్కలు పెట్టుడైంది, కలుపుడే బాకీ" అని వెనక్కి తిరిగి కోడలితో అంది. నవ్వింది కానీ, కళ్లు పటం మీదే ఉన్నాయి.

ఆ చుక్కలు ఇంకా కలవలేదు. ఫైలు మంజూరు కోసం ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిరుగుతోంది, ఆ సంగతి రాస్తే పాఠకులకు నిద్ర వస్తుంది. వెంచర్ ప్రహరీ సగం లేచింది. మొన్న వేరే పని మీద అటు వెళ్లి, ఉండబట్టలేక ఆ ఊళ్లో జీపు ఆపాను. కొట్టం పైకప్పు రేకులు లేవు. గోడలు ఉన్నాయి. ఒక గోడకు మాత్రం మనిషి పట్టేంత సందు చేసి ఉంది. ఎవరు చేశారని అడిగితే ఎవరూ చెప్పలేదు. ఎదురింటి అరుగు మీద అనసూయమ్మ చిక్కుడుకాయలు ఒలుచుకుంటోంది. ఆమెనూ అడిగాను. నన్ను చూసి నవ్వి తల వంచుకుంది.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఏమిటని కొత్తగా చేరే పిల్లలు అడుగుతుంటారు. జనాన్ని ఏం కావాలని అడిగి, చెప్పింది రాసుకుని వచ్చేయకండి అంటాను. కోరిక కూడా అలవాటైన దారినే నడుస్తుంది. వాళ్లు గీసిన గీత దగ్గర కాసేపు నిలబడండి. పక్కనుంచి ఎవరో ఒకరు అడగాల్సిన మాట అడుగుతారు.

ఆ రోజు అనసూయమ్మ అరుగు దగ్గర నేను మాట్లాడుతుండగానే గోడ సందులోంచి రత్నమ్మ వచ్చింది. ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో కరుణ. పిల్లకు నడక బాగా వచ్చింది, గౌను పట్టుకుని రాళ్ల మీదుగా దూకుతోంది. పెద్ద వీధి చివరున్న అంగన్‌వాడీకి తీసుకెళ్తోందట.

"రోజూ ఇటే వస్తున్నారా? కాళ్లకు రాళ్లు గుచ్చుకోవడం లేదా?" అన్నాను. "రోడ్డు పడేదాకా జాగ్రత్త."

"రోడ్డు పడేదాక ఆగితే, దీనికి సుత ఎనక తొవ్వనే అలవాటైతది మేడమ్" అంది రత్నమ్మ.