నవమి పందిట్లో ఎర్ర ఐసు

ఆ రోజుల్లో మా ధర్మవరం నేతవీధిలో ఐసుదిమ్మెను దూరం నుంచి చూసిన కళ్లున్నాయి గానీ, ముట్టిన చేతులు లేవు. (పుల్ల ఐసు లెక్కలోకి రాదు, అది చేతిలో ఎక్కడ నిలిచేది?) అలాంటిది ఒక శ్రీరామనవమికి మా మేనత్త, "ఈ తూరి మన పానకంలో ఐసు పడాల్సిందే!" అనేసింది. ఏటా ఊరేగింపు జనమంతా పైవీధి పానకానికే ఎగబడేవారు. మా బానల దగ్గర ఈగలే ఆగేవి. ఈసారీ అంతే అయితే ఇక మన వీధిలో పందిరే వద్దని పెద్దలు తేల్చేశారు. ఏటా ఆ పందిరి వేయించే అత్తకు అది తలకొట్టేసినంత పని.

నాయన అనంతపురం నుంచి తొలి బస్సులో, రంపపుపొట్టు నింపిన గోనెలో ఐసుదిమ్మె తెచ్చాడు. దించుతూనే, "బిన్నా కొట్టండమ్మే, నీళ్లయిపోతాండాది!" అని ఒకటే కేకలు. అత్త మగ్గాల గదిలోకి పరుగెత్తి చేతికందిన మందపాటి గుడ్డ తెచ్చి దిమ్మెను మూటగట్టింది. కాలేజీ పిల్లనైన నేను లంగా ఎగదోపి రోకలి ఎత్తాను. అబ్బ, ఆ దెబ్బలు! లోపల ఐసు పటపటా పగులుతుంటే నాకు ఒళ్లంతా పులకరింతే. తీరా మూట విప్పితే ఐసంతా కుంకుమలా ఎర్రగా ఉంది! అది రంగువేసిన పట్టునూలు పిండే గుడ్డ. (పైమడత తెల్లగానే ఉంది మరి, లోపలి మడత చూసే తీరిక ఎవరికుంది?) "ఇది పానకంలో ఏస్తే జనం మనల్ని బతకనిస్తారా!" అంటూ అత్త గడపమీద కూలబడి ఏడ్చేసింది. అప్పటికే మేళం సందు మొదట్లోకి వచ్చేసింది.

నాకేం తోచిందో, దోసెడు ఎర్ర ఐసుతో ఎదురు పరుగెత్తి, "తాగేది కాదు, పూసుకునేది!" అని అరిచాను. అందరికంటే ముందు నడుస్తున్న గొర్రెల తాత తలపాగా తీసి బోడిగుండు వంచాడు. రుద్దాను.

"అబ్బబ్బా! పోయిన పానం తిరిగొచ్చినట్టుండాది. ఇంగొంచెం పెట్టు పాపా!"

అంతే, జనం మా పందిరి మీద పడ్డారు! మెడలకు, బుగ్గలకు, వీపులకు ఎర్ర ఐసే. పల్లకీ మోసేవాళ్లు కూడా ఆగి మెడలు చాచారు. ఆగినవాళ్లు ఊరుకుంటారా, మా ఉత్త పానకాన్నీ బానల అడుగుదాకా తాగేశారు. పైవీధి పెద్దాయన వెతుక్కుంటూ వచ్చి, "ఏమప్పా, జనాన్నంతా ఈడనే పెట్టుకున్నారు?" అని గొణిగితే, అత్త కళ్లు తుడుచుకుని ఆయన బుగ్గలకూ ఇంత పులిమింది.

మర్నాడు ఊరంతా బుగ్గలు తోముకుంటుంటే, నేను మాత్రం అరచేతులు తడవకుండా చెంచాతో అన్నం తిన్నాను. ఐసు కొట్టిన చేతులని కాలేజీలో చూపించుకోవద్దూ! ఆ పిచ్చిపిల్ల తలపుకొస్తే ఇప్పటికీ నవ్వాగదు. నవ్వుకుంటూనే, దాన్ని చూసి కాస్త అసూయ కూడా పడుతుంటాను.